కీర్తనలతో ప్రార్థన: వరుసగానా, తేదీని బట్టా, ఒక్కటే పట్టుకుని కూర్చోవడమా?

మా ఇంట్లో ఉన్న పాత బైబిల్‌ని టేబుల్ మీద పెట్టి వదిలేస్తే అది తనంతట తనే కీర్తనల గ్రంథంలో తెరుచుకుంటుంది, అదీ మూడు చోట్లే: 23, 91, 121. ఆ పేజీల అంచులు నల్లబడిపోయాయి, ఒకచోట కొబ్బరినూనె మరక కూడా ఉంది. 88వ కీర్తన ఉన్న పేజీ మాత్రం కొన్నరోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. చాలా ఇళ్లలో ఇంతే అనుకుంటాను. 150 కీర్తనలుంటే మనం వాడేవి పదో పన్నెండో, మిగతావన్నీ పుస్తకం మందం కోసం ఉన్నట్టు.

"రోజూ కీర్తనలతో ప్రార్థన చేసుకోవాలని ఉంది, ఎలా మొదలుపెట్టను?" అని అడిగేవాళ్లు తరచూ కనబడతారు. దానికి చాలామంది ఇచ్చే జవాబు "ఎలాగైనా చదవండి, దేవుడే మాట్లాడతాడు" అని. అది తప్పు కాదు గానీ ఉపయోగం తక్కువ. ఎందుకంటే పద్ధతిని బట్టి మీ చేతికి వచ్చే కీర్తనలు మారిపోతాయి, మీ ప్రార్థన ఎలాంటిదో కూడా మెల్లగా మారిపోతుంది. నేను దాదాపు అన్నీ ప్రయత్నించి, కొన్ని మధ్యలో వదిలేసి, కొన్నింటిలో స్థిరపడ్డాను కాబట్టి ఏది ఎవరికి పనికొస్తుందో నా లెక్క చెబుతాను.

(కీర్తనలు అంటే ఇక్కడ బైబిల్లోని దావీదు కీర్తనలు, ఆసాపు, కోరహు కుమారుల కీర్తనలు వగైరా. మన సంఘాల్లో పాటల పుస్తకాన్ని కూడా కీర్తనలే అంటాం కదా, "కీర్తన 23 తీయండి" అంటే సగం మంది పాటల పుస్తకం తీసిన ఆరాధనలు నేను చూశాను.)

ముందు అందరూ మొదలుపెట్టే పద్ధతి: 1 నుంచి 150 దాకా వరుసగా, రోజుకి ఒకటి. చూడ్డానికి చాలా న్యాయంగా ఉంటుంది. 150 రోజులు, ఐదు నెలలు, అయిపోయింది. కానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటి 41 కీర్తనల్లో, అంటే కీర్తనల గ్రంథంలోని ఐదు భాగాల్లో మొదటి దాంట్లో, శత్రువులు తరుముతున్నారు, కాపాడు అనే మొరలే ఎక్కువ. 3 నుంచి 7 వరకు చూడండి, ఐదూ అవే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండానే "నాకంత శత్రువులెవరూ లేరే" అని నీరసపడిపోతారు. స్తుతి గట్టిగా వినబడేది చివర్లో, 145 నుంచి 150 దాకా, అక్కడికి చేరేవాళ్లు తక్కువ. రెండోది, 117 రెండే వచనాలు, 119 మొత్తం 176 వచనాలు. రోజుకొకటి అని పెట్టుకుంటే ఒకరోజు అరనిమిషం, ఇంకో రెండు రోజులకు అరగంట. గ్రంథాన్ని ఒక పుస్తకంగా తెలుసుకోవడానికి జీవితంలో ఒకసారి ఇలా చదవాల్సిందే. రోజువారీ ప్రార్థనకి మాత్రం నేను దీన్ని సలహా ఇవ్వను.

రెండోది, పరిస్థితిని బట్టి ఎంచుకోవడం. బైబిల్ వెనక పేజీల్లో, క్యాలెండర్ల మీద, ఈమధ్య వాట్సాప్‌లో తిరిగే పట్టికలు మీకు తెలిసినవే. భయమేస్తే 27, నిద్ర పట్టకపోతే 4, తప్పు చేసి కుమిలిపోతుంటే 51, కృతజ్ఞతకి 103, ప్రయాణానికి 121. ఇది కొత్త సంగతేం కాదు, 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలోనే ఏ స్థితిలో ఏ కీర్తన చదువుకోవాలో పొడవైన జాబితా ఉంది, కీర్తనలు మన మనసుకి అద్దం లాంటివని కూడా ఆయన అందులో అంటాడు. ఆ మాట నిజమే. అవసరం మీదపడినప్పుడు, అంబులెన్స్‌లోనో పరీక్ష హాల్ బయటో, వెతుక్కునే టైం ఉండదు కాబట్టి ఇలాంటి ఐదారు కీర్తనలు గుర్తుండటం మంచిదే.

కానీ దీని మీదే ఆధారపడితే జరిగేదేంటంటే, రోగం ఏమిటో కూడా మనమే తేల్చుకోవాలి, మందూ మనమే రాసుకోవాలి. లోపల కోపంగా ఉన్నానని నాకే తెలియని రోజులు బోలెడు. టెన్షన్‌గా ఉంది అనుకుని 27 తీస్తాను, అసలు నాకు కావాల్సింది 32 అయ్యుంటుంది, దాచిపెట్టుకున్న తప్పు వల్ల ఎముకలు క్షీణించాయని దావీదు ఒప్పుకునే కీర్తన. పట్టికలో 'కోపం' పక్కన 37 ఉంటుంది, వ్యసనపడకుము అని. శత్రువుని శపించే 109 ఉన్న పట్టిక నేను ఇంతవరకు చూడలేదు.

91 సంగతి విడిగా చెప్పాలి. మన దగ్గర అది గుమ్మం మీద స్టిక్కర్, కారు అద్దం మీద అక్షరాలు, దిండు కింద కాగితం. రోజుకి ఇన్నిసార్లు చదివితే ఇది జరుగుతుంది అని చెప్పేవాళ్లూ ఉన్నారు. కీర్తన మంచిదే, నాకూ ప్రాణమే, కాకపోతే మత్తయి 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్నప్పుడు సాతాను ఎత్తి చూపించింది సరిగ్గా ఈ 91లోని మాటలే. తాయెత్తులా వాడేముందు అది ఒకసారి గుర్తుచేసుకుంటే చాలు. అలాగే డిసెంబరు 31 రాత్రి తీసుకునే వాగ్దాన కార్డు. దాని మీద ఒక్క వచనం ఉంటుంది, చుట్టూ ఉన్న కీర్తన ఉండదు. ఫ్రిజ్ మీద పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను, కానీ దాన్ని ప్రార్థన పద్ధతి కింద లెక్కేయను.

ఇక నేను ఎక్కువ రోజులుగా వాడుతున్నది తేదీ పద్ధతి. లెక్క చాలా తేలిక. ఈరోజు తారీఖు ఎంతో ఆ కీర్తన, దానికి ముప్పై కలుపుకుంటూ పోతే ఇంకో నాలుగు. 7వ తారీఖైతే 7, 37, 67, 97, 127. నెలకి మొత్తం 150 పూర్తి. నెలలో మొత్తం చదవడం పాత అలవాటే, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘపు) ప్రార్థన పుస్తకంలో కీర్తనల్ని ముప్పై రోజులకి, ఉదయం సాయంత్రం అని అరవై భాగాలుగా పంచారు, 1947లో ఏర్పడిన మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికి ఆ వారసత్వం ఉంది. అంతకుముందు, 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠాల్లో వారానికి 150 పాడించాడు, పైగా మన పెద్దలు ఒక్కరోజులో చేసినది చల్లారిపోయిన మనం వారంలోనైనా చేద్దాం అని ఒక చురక కూడా వేశాడు. నెల రోజులు తీసుకునే మనల్ని చూస్తే ఏమనేవాడో.

దీని బలం ఏంటంటే, ఈరోజు ఏది చదవాలో నేను తేల్చుకోను. వంద దాటిన పాత కీర్తనలు, ఎప్పుడూ తెరవని పేజీలు, అవే వచ్చి కూర్చుంటాయి. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు 28వ తారీఖు వచ్చింది. ఆరోజు వరుస 28, 58, 88, 118, 148. 88 అంతకుముందు చదివి ఉంటాను గానీ పట్టించుకోలేదు. మిగతా మొరలన్నీ ఎక్కడో ఒకచోట నమ్మకం వైపు తిరుగుతాయి, ఇది తిరగదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. ఆసుపత్రి కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అది చదువుతుంటే, అప్పటిదాకా పరామర్శకి వచ్చి "ధైర్యంగా ఉండు, స్తుతించు" అని చెప్పిపోయిన వాళ్లందరికంటే ఈ మాట నాకు దగ్గరగా అనిపించింది. ఇలాంటిది బైబిల్లో ఉంది, దీన్ని దేవుడితోనే అనొచ్చు అని అప్పుడు తెలిసింది. అదే రోజు వరుసలో 118 కూడా ఉంది, "ఇది యెహోవా ఏర్పాటు చేసిన దినము" అనే కీర్తన. అది ఆరోజు నా నోటికి రాలేదు. వదిలేశాను. పై నెల 28కి చదివాను. పట్టిక చూసి ఎంచుకునే పద్ధతిలో ఉండుంటే ఆరోజు నేను 91 తీసేవాణ్ని, అందులో సందేహం లేదు.

ఇంకో ఉదాహరణ, 19వ తారీఖు. 19, 49, 79, 109, 139. 109 అంటే శాపాల కీర్తన, వాడి పిల్లలు తండ్రిలేనివాళ్లు కావాలి అనేంత దూరం వెళ్తుంది. పొలం గట్టు విషయంలో దగ్గరి చుట్టంతో మాటలు లేని రోజుల్లో ఇది చదివి, నిజం చెప్పాలంటే, ఆయన పేరు పెట్టుకునే చదివాను. కాస్త హాయిగానే ఉంది. ఆ వెంటనే వరుసలో 139, దాని చివర "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము". ఇప్పుడే పేరు పెట్టి శపించిన నోటితో ఆ మాట అనాల్సి వచ్చేసరికి గొంతు పట్టేసింది. ఆ రెండూ ఒకే రోజు పడాలని ఎవరూ పనిగట్టుకుని పెట్టలేదు, ముప్పై కూడితే వచ్చే లెక్క అంతే. 1971లో వచ్చిన కతోలిక ప్రార్థనా గ్రంథంలో 58, 83, 109 ఈ మూడింటినీ పూర్తిగా తీసేశారు, అందరూ కలిసి పాడే ప్రార్థనలో ఇబ్బంది అని. ఆ నిర్ణయం నాకు అర్థమవుతుంది. ఒంటరిగా తలుపేసుకుని చేసుకునే ప్రార్థనలో మాత్రం ఉంచుకోమనే అంటాను, ఎందుకంటే ఆ కోపం ఎక్కడో ఒకచోట కక్కక తప్పదు, వాట్సాప్ గ్రూప్‌లో కంటే ఇక్కడ నయం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఐదు కీర్తనలు అంటే నాకు పావుగంట నుంచి అరగంట దాకా పడుతుంది, అదీ రోజుని బట్టి మారిపోతుంది. 3వ తారీఖున ఐదూ కలిపి 50 వచనాలే, 29న అయితే 119 కూడా అందులో పడి 265 వచనాలు అవుతాయి. ఉద్యోగానికి పరుగెత్తేవాళ్లు 29న చేతులెత్తేస్తారు. దానికి నేను చేసేది, ఐదింటినీ పైపైన చూసి, ఆరోజు ఎక్కడ ఆగిపోయానో ఆ ఒక్కదాన్ని నెమ్మదిగా చదవడం. ఎంపిక ఉంది, కానీ ఐదింటి మధ్యే. 119ని 29న అసలు ముట్టుకోను, దాని సంగతి చివర్లో చెబుతాను. ఇంకో లోపం, వేగంగా చదివి టిక్కు పెట్టేసుకునే జబ్బు. రెండో నెలకే నాకు వచ్చింది. పెదాలు కదులుతుంటాయి, మనసు గ్యాస్ బుక్ చేశానా లేదా అని ఆలోచిస్తుంటుంది.

ఆ జబ్బుకి విరుగుడు ఒక్క కీర్తననే పట్టుకోవడం. వారమో, నెలో, అదే. ధ్యానం అనే మాటకి సరిపోయేది ఈ పద్ధతే. మనం ధ్యానం అనగానే కళ్లు మూసుకుని మనసు ఖాళీ చేసుకోవడం అనుకుంటాం. 1వ కీర్తనలో "దివారాత్రము ధ్యానించు" అన్నచోట హెబ్రీలో ఉన్న క్రియ 'హాగా', దానికి అసలు అర్థం గొణుక్కోవడం, మెల్లగా శబ్దం చేయడం. యెషయా 31లో వేట దొరికిన సింహం గుర్రుమనడానికీ ఇదే మాట. అంటే ఎముక దొరికిన కుక్క దాన్ని వదలకుండా కొరుక్కుంటూ లోలోపల చేసే శబ్దం లాంటిదన్నమాట. నోటితో చేసే పని. అందుకే మౌనంగా కళ్లతో చదివితే కీర్తన సగమే అందుతుంది, పక్కవాళ్లకి వినబడకపోయినా పర్లేదు, మీ చెవికి వినబడాలి.

ఎలా చేయాలంటే, కీర్తనల్లో దాదాపు ప్రతి వచనం రెండు సగాలుగా ఉంటుంది, రెండో సగం మొదటిదాన్నే ఇంకోలా చెబుతుంది లేదా ఒక అడుగు ముందుకు వేస్తుంది. "యెహోవా నాకు వెలుగును రక్షణయునై యున్నాడు" అని ఆగండి, ఒక ఊపిరి, తర్వాత "నేను ఎవరికి భయపడుదును?". ఆ ఆగడంలోనే పని జరుగుతుంది. ఇలా 23ని నెలంతా చదివినప్పుడు, చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన కీర్తనలో ఎప్పుడూ చూడనిది కనబడింది: పచ్చిక దగ్గర, నీళ్ల దగ్గర ఆయన, ఆయన అని దేవుడి గురించి చెబుతాడు, గాఢాంధకారపు లోయలోకి వచ్చేసరికి "నీవు నాకు తోడైయుందువు" అని ఆయనతోనే మాట్లాడటం మొదలుపెడతాడు. ఎండలో ఉన్నంతసేపు ఆయన, చీకటి పడగానే నీవు. నలభై ఏళ్లు అప్పజెప్పాను, ఎప్పుడూ కనబడలేదు.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లకి 23 కంటే 131 చెబుతాను. మూడే వచనాలు, ఎక్కువమందికి నోటికి రాదు కాబట్టి అలవాటుగా జారిపోదు, పాలు మానిన పిల్ల తల్లి దగ్గర ఊరికే ఉన్నట్టు నా ప్రాణం ఉంది అనే పోలిక ఒక్కటి చాలు వారానికి. పాలకోసం ఏడ్చే పిల్ల కాదు, పాలు మానేశాక కూడా తల్లి ఒళ్లోకే వచ్చే పిల్ల. ఈ పద్ధతి లోపమూ చెప్పాలి: ఇష్టమైనవే తిరిగి తిరిగి పట్టుకుంటాం, మళ్లీ 23, 91, 121 దగ్గరికే వచ్చి పడతాం. కాబట్టి దేన్ని పట్టుకోవాలో తేదీ పద్ధతిలో తగిలిన దాంట్లోంచే తీసుకోండి, రెండూ ఒకదానికొకటి సరిపోతాయి.

కంఠతా పట్టడం, వినడం గురించి వేరే విభాగం అక్కర్లేదు గానీ ఒక మాట. మా నాయనమ్మకి చదువు రాదు. 121 మొత్తం, 103లో చాలా భాగం ఎవరో చదువుతుంటే విని నేర్చుకుంది, నాట్లు వేస్తూ అనుకునేదట. చూపు తగ్గినవాళ్లకి, డ్రైవింగ్‌లో ఉండేవాళ్లకి, చంటిపిల్లల తల్లులకి తేదీ లెక్కలేవీ పనికిరావు, రోజుకి ఒక కీర్తన ఆడియో పెట్టుకుని మూడుసార్లు వినండి, అంతే. యేసు సిలువ మీద అన్న మాటల్లో "నా దేవా, నా దేవా" 22లోది, "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను" 31లోది. ఆ స్థితిలో నోటికి వచ్చేది అంతకుముందే నోట్లో ఉన్నదే.

ఏ అనువాదం అన్నది కూడా చాలామంది అడుగుతారు. సంఘాల్లో వాడే పాత అనువాదానికి ఒక లయ ఉంది, చుట్టూ ఉన్నవాళ్లందరికీ అదే నోటికొస్తుంది, కాబట్టి కంఠతాకి, గొణుక్కోవడానికి అదే. కానీ అర్థం కోసం ఫోన్‌లో బైబిల్ యాప్ తెరిచి సులభమైన తెలుగులో ఉన్నదాన్ని పక్కన పెట్టుకోవడం నామోషీ ఏం కాదు. డల్లాస్‌లో పెరుగుతున్న మా అక్క పిల్లలు "నాకు లేమి కలుగదు" అంటే లేమి ఎవరు అని అడిగారు. వాళ్లకి ముందు వాడుక తెలుగులో అర్థం చెప్పి తర్వాత పాత మాట నేర్పితే గట్టిగా పట్టుకున్నారు. కతోలికుల బైబిల్లో యెహోవా బదులు ప్రభువు అని ఉంటుంది, పాత కతోలిక పుస్తకాల్లో అంకె కూడా ఒకటి తక్కువగా ఉంటుంది, వాళ్ల 50 మన 51. స్నేహితులతో కలిసి చదివేటప్పుడు తికమక పడకండి.

ఇప్పుడు సూటిగా. జీవితం మామూలుగా నడుస్తుంటే తేదీ పద్ధతి, ఐదు బరువైతే ఐదింట్లో ఒకటి. షిఫ్టుల ఉద్యోగమై పొద్దు సాయంత్రం లేనివాళ్లు ఒకే కీర్తన పద్ధతికి వెళ్లండి, రోజు తప్పిపోయిందనే బాధ ఉండదు. ప్రార్థించడానికి మాటలే రాని స్థితిలో ఉంటే 13 తీసుకోండి, ఆరే వచనాలు: రెండు వచనాల్లో నాలుగుసార్లు ఎంతకాలం అని అడుగుతాడు, రెండు వచనాల్లో కావాల్సింది అడుగుతాడు, మిగతా రెండింట్లో నమ్మకం చెబుతాడు. ఆ మూడు మెట్లలో మీ సొంత మాటలు పెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడో మెట్టు రాకపోతే ఖాళీగా వదిలేయండి, బలవంతంగా నింపొద్దు. ఎదుటివాళ్ల కోసం ప్రార్థించేవాళ్లకి కూడా తేదీ పద్ధతే, ఎందుకంటే మీకు వర్తించని కీర్తన ఆరోజు ఇంకెవరికో వర్తిస్తుంది. నాకు శత్రువుల్లేరే అని మొదట్లో అన్నానే, కోర్టు మెట్లెక్కుతున్న మీ పక్కింటాయనకి ఉండొచ్చు. వారాల తరబడి నిద్ర లేక, బతకాలని లేక ఉన్నవాళ్లు మాత్రం 88తో ఆగిపోకండి, డాక్టర్ని కలవండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. మందులేసుకుంటూ కూడా కీర్తన చదవొచ్చు.

మిగిలింది 31వ తారీఖు. లెక్క ప్రకారం ఆరోజు కీర్తనలేమీ మిగలవు. నేను 119ని అప్పటికి దాచుకుంటాను. అది 22 భాగాలు, ఒక్కో భాగానికి ఎనిమిది వచనాలు, ఆలెఫ్, బేత్ అని హెబ్రీ అక్షరాల వరుసలో ఉంటుంది. ఏడాదికి ఏడు 31లు, మూడు నాలుగు భాగాల చొప్పున చదువుకుంటే ఏడాదికి ఒకసారి హాయిగా పూర్తవుతుంది. ఫిబ్రవరిలో ఎగిరిపోయే 29, 30 తారీఖుల వరుసల్ని మార్చి 1న కలిపి చదువుదామని ప్రతి ఏడూ అనుకుంటాను, ఇంతవరకు ఒక్కసారి కూడా చదవలేదు. మా అమ్మ నెల నెలా నా పద్ధతే పాటిస్తుంది, 31న మాత్రం 119 జోలికి పోకుండా ఆ నూనె మరక ఉన్న పేజీ తీసుకుంటుంది.